ర్యాంపు మీద కొలత

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పార్కింగులో కారు పెడుతుంటే, మూల స్తంభం దగ్గర ఎవరో బైకు కింద చెయ్యి పెట్టి పాత ఆయిల్ తీస్తున్నారు. కాలిన ఇంజనాయిల్‌కు ఒక వాసన ఉంటుంది. మాడిన బెల్లంలా, తడిసిన ఇనుములా ఉండి, ముక్కులో ఆగకుండా గొంతులోకి దిగి కూర్చుంటుంది. వెనక సీట్లో నా కూతురు నిత్య ముక్కు మూసుకుంటుందనుకున్నాను. అది ఇంకా గట్టిగా గాలి పీల్చి, "వ్యాన్ అమ్మమ్మ వాసన" అంది. దానికిప్పుడు ఐదేళ్లు. ఆవిణ్ణి చివరిసారి చూసేనాటికి దానికి మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మొహం గుర్తుందా అని అడిగితే లేదంది. చీర? లేదు. వాసన మాత్రం ఉంది.

వ్యాన్ అమ్మమ్మ అంటే కరుణ ఆంటీ. మన్సూరాబాద్‌లో మేం అద్దెకున్న ఇంట్లో కింది వాటా ఆవిడది, పై వాటా మాది. నల్గొండ అవతలి ఊరి నుంచి పెళ్లయిన కొత్తలో భర్తతో వచ్చింది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూలు వ్యాను నడిపేవాడట. ఆయనకు పక్షవాతం వచ్చాక వ్యాను అమ్మేయమని బంధువులందరూ చెబితే, ఆవిడ వెళ్లి డ్రైవింగు లైసెన్సు తెచ్చుకుంది. ఆయన పోయాక కూడా మానలేదు. వారమంతా పిల్లలు, ఆదివారం ఎల్‌బీనగర్ చర్చికి వెళ్లే ముసలివాళ్లు. నూలు చీర మీద భర్త ఖాకీ చొక్కా వేసుకునేది. ఆ చొక్కా జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉండేవి, వాటికి కూడా ఆయిల్ వాసనే.

నేను ఆవిణ్ణి నిజంగా తెలుసుకున్నది ఒక వానాకాలం సాయంత్రం. నిత్యకు ఏడాది నిండి కొన్ని నెలలు. జలుబు ఛాతీలోకి దిగి, ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవిలో తడి చేరినట్టు సన్నగా కూత వస్తోంది. మా ఆయన రమేశ్ గోదాము పని మీద విజయవాడలో ఉన్నాడు. మోకాటి లోతు నీళ్లున్న మా వీధిలోకి ఏ క్యాబూ రానంది. ఒకడు ఒప్పుకుని, సగం దారిలో రద్దు చేశాడు. పాపను దుప్పట్లో చుట్టుకుని మెట్లు దిగేసరికి ఆంటీ వ్యాను తలుపు తీసి నిలబడి ఉంది. పైన నా అడుగుల చప్పుడు విని ముందే తెలుసుకుందట.

"ఎక్కు" అంది, అంతే.

దారి పొడవునా నేను స్పీడో మీటరు చూస్తూ కూర్చున్నాను. "ఆంటీ, కొంచెం స్పీడుగా పోనివ్వండి."

"పోనిస్త. నువ్వు పాప మొకం చూడు, నా మీటర్ చూడకు."

ఆసుపత్రిలో పాప మొహానికి మాస్కు పెట్టి ఆవిరి మందు ఇచ్చారు. కూత తగ్గింది. తిరిగి వచ్చేటప్పుడు ఆంటీ అడిగింది, "నీకు బండి నడుపుడు రాదా?" రాదన్నాను, భయమని చెప్పాను. "భయపడితె మంచిదే. భయపడెటోళ్లే అద్దాలు చూస్తరు" అంది.

అలా ఒక పాత కారు కొన్నాం. మీర్‌పేట్ వైపు ఇళ్లింకా కట్టని ప్లాట్ల మధ్య రోడ్ల మీద ఆంటీ నాకు నేర్పింది. నేను తప్పు చేస్తే తిట్టేది కాదు, పిప్పరమెంటు నోట్లో వేసుకుని కిటికీలోంచి బయటికి చూసేది. అది తిట్టు కంటే ఎక్కువగా పనిచేసేది. నడపడం వచ్చింది కానీ నాలో గాబరా తగ్గలేదు. దానికి చక్రాలు వచ్చాయి, అంతే. పెట్రోలు సగానికి తగ్గనిచ్చేదాన్ని కాదు. పాప బట్టలు, మందులు ఉన్న సంచీ ఎప్పుడూ డిక్కీలోనే. బండి స్టార్టవుతుందో లేదోనని పనేమీ లేకపోయినా కిందికి దిగి తాళం తిప్పి చూసేదాన్ని.

అందుకే ఆయిల్ మార్చే సమయం వచ్చినప్పుడు నాకు దిక్కు తోచలేదు. మెకానిక్ పొద్దున బండి ఇచ్చి సాయంత్రం రమ్మన్నాడు. "రోజంతా బండి లేకుండా ఎలా ఆంటీ, ఆ రోజే పాపకు ఏమైనా అయితే?"

"గంట పనికి గంత పరేషాన్ ఎందుకు? నా వ్యానుకు నేనే మారుస్త. మనం ఇంటికాడనే చేద్దాం" అంది.

తన వ్యానుకు ఆవిడ ఎప్పుడూ చర్చి ఆవరణలో సిమెంటు చేసిన చోట మార్చుకునేది. కానీ ఆ శనివారం చర్చిలో పెళ్లి. వ్యాను కూడా పెళ్లివాళ్లను తేవడానికి వెళ్లింది, ఆంటీ అన్న కొడుకు నడుపుతున్నాడు. దాంతో మా గేటు ముందే పని పెట్టుకున్నాం. మా వీధిలో ఇళ్లన్నీ రోడ్డు కంటే ఎత్తు. వాన నీళ్లు లోపలికి రాకుండా ప్రతి గేటుకూ ఏటవాలుగా ఒక సిమెంటు ర్యాంపు కట్టుకున్నారు. కారు ముందు చక్రాలు ఆ ర్యాంపు మీదికి ఎక్కిస్తే ముందు భాగం లేచి, కిందికి చెయ్యి దూరుతుంది. గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు ఇటుకలు పెట్టాం.

విప్పిన సామాను పెట్టడానికి పాత క్యాలెండరు తెచ్చాను. ఆంటీ తిప్పి చూసి వెనక్కిచ్చింది. "దీని మీద మీ దేవుడున్నడు. నా దగ్గరున్న దాని మీద బైబిల్ వాక్యం ఉంటది. ఏదీ వద్దు, పేపర్ తే. అండ్ల లీడర్లుంటరు, ఏం గాదు."

నల్లటి ఆయిల్ టబ్బులోకి దిగింది. పాత ఫిల్టరు తీసి కొత్తది పెట్టి, అడుగు బోల్టు బిగించి, డబ్బాలో ఉన్న కొత్త ఆయిల్ అంతా నెమ్మదిగా పోశాం. ఆ తర్వాత ఆయిల్ కొలిచే సన్న కడ్డీని ఆంటీ తుడిచి, ముంచి, పైకి తీసింది. కొస మాత్రమే తడిగా ఉంది. కింది గీతకు కూడా అందలేదు.

మళ్లీ తుడిచి ముంచింది. అంతే.

ఆంటీ కింద పరిచిన పేపరు చూసింది. పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు. ఇంజను కాసేపు నడిపి, ఆపి చూస్తే ఇంకాస్త తగ్గింది. నేను రమేశ్‌కు ఫోన్ చేశాను. "లోపలెక్కడో లీకవుతోందేమో, ఇంక స్టార్ట్ చేయకు. ఇంట్లో చేయమని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. ఫోను పెట్టేసి, ఆంటీ వ్యాను కోసం దాచుకున్న సీసా అందుకుని దాంట్లోంచి కూడా కొంత పోశాను. కడ్డీ మీద తడి కొద్దిగా పెరిగినట్టనిపించింది, అనిపించలేదు కూడా. సీసా మొత్తం వంచేయబోతుంటే ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంత తాగదు గీ బండి. నాకు సమజైతలేదు."

ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. ఆంటీ సీసా మూత పెట్టి, నల్లా దగ్గరికి వెళ్లి, సబ్బు పొడితో మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, మెట్టు మీద కూర్చుంది. "చాయ్ పెట్టు" అంది.

ఆవిడకది అలవాటు. ఏదైనా అర్థం కాకపోతే ఆపేయడం, చేతులు కడుక్కోవడం, చాయ్ తాగడం. వ్యాను ఆగిపోయినా, చర్చి వాళ్లతో మాట పెరిగినా అదే. నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు చాయా ఆంటీ?"

"చేతులు మురికిగుంటె పెట్టినకాడనే మళ్ల పెడుతుంటం. కడుక్కుంటె వేరేకాడ పెడ్తం."

నేను చాయ్ పెట్టడానికి లేవలేదు. ఎందుకంటే అప్పుడే నిత్య వైపు చూశాను. పొద్దున్నుంచీ దానికి ముక్కు కారుతోందని స్వెట్టరు వేసి, చెవులకు టోపీ కట్టి, కంటికెదురుగా ఉండాలని ఎండ పడే మెట్టు మీదే కూర్చోబెట్టుకున్నాను. బుగ్గలు ఎర్రగా అయ్యాయి. నుదురు కాలుతోంది. పరుగున థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టాను. నూట రెండు.

పాపకు జ్వరం. వ్యాను పెళ్లిలో ఉంది. దేనికోసం కారు కొన్నామో ఆ పూట రానే వచ్చింది, కారేమో ర్యాంపు మీద నోరు తెరుచుకుని ఉంది. లోపల ఆయిల్ ఉందో లేదో చెప్పే మనిషి లేదు. పాపను ఎత్తుకోబోతూ దాని పక్కన ర్యాంపు మీద పెట్టి ఉన్న నీళ్ల సీసా అందుకున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అంకెలున్న పారదర్శకమైన సీసా అది. ర్యాంపు మీద ఏటవాలుగా నిలబడి ఉంది. లోపల నీళ్లు మాత్రం సమంగా ఉన్నాయి. దాంతో నీటి గీత ఒక పక్క అంకెల పైకి ఎక్కి, ఇంకో పక్క అడుగుకు దిగింది. అటు నుంచి చూస్తే సీసా నిండుగా ఉంది, ఇటు నుంచి చూస్తే ఖాళీ.

"ఆంటీ, ఈ సీసా చూడండి" అన్నాను.

ఆంటీ చూసింది. సీసాను చూసి, లేచి ఉన్న కారు ముందు భాగాన్ని చూసింది. కడ్డీ ఇంజనుకు ముందు వైపు ఉంది. ఆయిలంతా వెనక్కి జారి కూర్చుంది. ఆవిడ కడిగిన చేత్తోనే నుదురు కొట్టుకుంది. "ఓ దేవా. చర్చిల చదును జాగల చేసి చేసి, గీ ఎత్తు సంగతే యాది లేదు నాకు." నవ్వడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రాలేదు. నవ్వుతూనే వచ్చి నిత్య టోపీ ముడి విప్పింది. స్వెట్టరు తీసింది. దాన్నెత్తుకుని తన గదిలో చల్లటి నేల మీద చాప వేసి పడుకోబెట్టింది. "బిడ్డను గూడ ర్యాంపు మీద పెట్టే చూస్తున్నవ్. గింత ఎండల స్వెట్టర్ ఏసి కూసోబెడితె ఒళ్లు కాలదా? జర ఆగి మళ్ల చూడు. తగ్గకపోతె ఆటోల పోదాం, నేనొస్త."

ఆ ఆగడమే నాకు చేతకానిది. నిత్య వీపుకు చెవి ఆనించి పడుకున్నాను. కూత లేదు. మళ్లీ విన్నాను. లేదు. బయట ఆంటీ ఇటుకలు తీసి, నన్ను పిలిచి కారును రోడ్డు మీదికి, చదునుగా ఉన్నచోటికి దింపించింది. కాసేపు ఆగి కడ్డీ తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. నేను పోసిందంతా ఎక్కువే. మళ్లీ ర్యాంపు ఎక్కించి, బోల్టు సడలించి కొంచెం వదిలింది. ఆయిల్ ఆవిడ మోచేతి దాకా కారింది. కిందికి దింపి చూసి, మళ్లీ ఎక్కించి ఇంకొంచెం తీసి, చివరికి తడి రెండు గీతల మధ్యకు వచ్చేసరికి ఎండ ఎదురింటి గోడ మీదికి మళ్లింది. నేను వెళ్లి నిత్యకు థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిది. అది చాప మీద కాళ్లు ఆడిస్తూ పిప్పరమెంటు అడుగుతోంది.

నేను ఏడ్చాను. ఇంత చిన్నదానికి ఇంత గాబరా పడ్డానని ఆంటీ ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. "అయినా డాక్టర్‌కు చూపిద్దాం, పా. నీ మనసుకు. బండి గూడ నడిచి చూసినట్టయితది." డాక్టరు మామూలు జలుబేనన్నాడు. దారంతా నేను మెల్లగా నడిపాను. ఆంటీ ఒక్కసారి కూడా మీటరు చూడలేదు, వెనక సీట్లో నిత్య మొహమే చూస్తూ కూర్చుంది.

ఆ మరుసటి ఏడాది, ఎవరిదో పెళ్లికని తన సొంతూరికి వెళ్లి, అక్కడే నిద్రలో పోయింది ఆంటీ. కబురు పొద్దున్నే వచ్చింది. నిత్యను రమేశ్‌కు అప్పగించి, జీవితంలో మొదటిసారి నేనొక్కదాన్నే హైవే ఎక్కాలని నిర్ణయించుకున్నాను. గేటు బయట, చదునైన చోట కారు ఆపి, కడ్డీ తీసి, తుడిచి, ముంచి చూశాను. కళ్లలో నీళ్లకు గీతలు కనిపించలేదు. మళ్లీ పైకి వెళ్లి, చేతులు కడుక్కుని, చాయ్ తాగాను. తాగాక కనిపించాయి. ఊరు చేరేసరికి సమాధి దగ్గర పాట మొదలైంది. పెట్టెలో ఆవిడ తెల్లచీరలో ఉంది. ఎవరో పసుప్పచ్చని పూలు పెట్టారు. ఆ ఖాకీ చొక్కా ఎక్కడుందో నేను ఎవరినీ అడగలేదు.

నా గాబరా పోలేదు. పోతుందని ఆంటీ కూడా ఎప్పుడూ చెప్పలేదు. డిక్కీలో సంచీ ఇప్పటికీ ఉంది, బట్టల సైజు మారింది అంతే. ఈ సాయంత్రం మెట్లెక్కి ఇంట్లోకి రాగానే నిత్య నుదురు చేతికి వెచ్చగా తగిలింది. వెంటనే నా కాళ్లు అల్మారా వైపు వెళ్లాయి, థర్మామీటరు చేతిలోకి వచ్చింది కూడా. దాన్ని తిరిగి గూట్లో పెట్టాను. నిత్య స్వెట్టరు తీసి, చాప మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు పెట్టాను. గుండె దడ మాత్రం దాని పని అది చేసుకుంటోంది.

"అమ్మా, జ్వరం చూడవా?" అంది నిత్య చాప మీంచి.

"జర ఆగు" అన్నాను. మాది ఒంగోలు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నీళ్లు ఇంకా మరగలేదు.