మాస్టారు ఇవ్వని విత్తనం

సెలవులకి ఊరెళ్ళి తిరిగొస్తుంటే, మా సైన్సు మాస్టారు పోయారని పర్చూరు బస్సులో కండక్టరు చెప్పాడు. అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. టిక్కెట్టు చించి ఇస్తూ, "మీకు కబురందలేదా టీచరుగారూ? నిన్న సాయంత్రమే సమాధి చేశామండి" అన్నాడు. బస్సు దిగేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద నాకు మూడేళ్ళుగా కోపం. ఇక దాన్ని ఎవరి మీద చూపించను?

నాకు పాఠాలు చెప్పిందీ, నన్ను టీచర్ ట్రైనింగుకి పంపమని మా నాన్నతో పోట్లాడిందీ ఆయనే. చివరికి అదే స్కూల్లో ఆయన పక్క కుర్చీ నాకు దక్కింది. ఆయన చొక్కా జేబులో సుద్దముక్కలతో పాటు ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, కట్టి వదిలేసిన పాత చీర పేలికలు ఉండేవి. ఇంటి వెనక అరెకరం మిరపతోట. బొబ్బర తెగులుకి చుట్టూ ఆకులు ముడుచుకుపోతుంటే, పచ్చగా నిలబడ్డ మొక్కకి ఒక పేలిక కట్టేవారు. "కాయ సైజు తర్వాత చూద్దాం. ముందు బతికిందా లేదా చెప్పు" అనేవారు. అలా ఏళ్ళ తరబడి ఏరి ఏరి ఒక రకం నిలబెట్టారు. ఎవరడిగినా గిద్దెడు విత్తనం ఊరికే ఇచ్చేవారు. మొదటి కోతలో దోసెడు కాయలు తొడిమలతో తెచ్చి చూపించాలి, అంతే. కూలి కుటుంబాలూ పెద్ద రైతులూ ఆ గుమ్మం ముందు ఒకే వరసలో నిలబడేవాళ్ళు.

ఎనభైల చివర్లో ఒక విత్తనాల కంపెనీ మనిషి జీపులో వచ్చాడు. మర్యాదస్తుడు. మాస్టారు అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇచ్చారు. అడక్కపోయినా, మొక్కల్ని ఎలా ఏరారో తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు. పాఠం చెప్పే అలవాటు, ఆపుకోలేకపోయారు.

రెండేళ్ళ తర్వాత, యూనివర్సిటీలో ఉన్న పాత విద్యార్థి ఒకతను ఏవో విదేశీ కాగితాలు పంపాడు. మిరప మొక్కలోకి వేరే జన్యువు ఎక్కించే పద్ధతి మీద ఆ కంపెనీ బయటిదేశంలో పేటెంటు అడిగింది. ప్రయోగానికి వాడిన మొక్క వర్ణన అచ్చం మాస్టారి రకానిదే. మాస్టారు స్టాఫ్ రూంలో కూర్చుని నాలుగుసార్లు చదివారు.

"పేటెంటంటే ఏంటండీ మాస్టారూ?" అన్నాను.

"ఈ దారిన ఇంకెవరూ నడవకూడదని రాయించుకోవడమమ్మా."

"మరి మీ మొక్క గురించి ఏం రాశారండీ?"

"స్థానిక రకం అని రాశారు. ఊరి పేరు కూడా లేదు."

ఆ హక్కు మన దేశంలో చెల్లదని ఆయనకి తెలుసు. రేపు చట్టం మారితే మన విత్తనం మనల్నే చల్లుకోనివ్వరేమోనన్న భయం మాత్రం పట్టుకుంది. ఆ ఏడు ఎవరికీ విత్తనం ఇవ్వలేదు.

మా నాన్న విత్తనం కోసం ఆయన దగ్గరికి వెళ్ళింది ఆ ఏడే. కౌలుకు తీసుకున్న రెండెకరాలకి నారు పోసుకోవాలి. "నువ్వు ఇంకెవరి చేతిలో పెడతావో నాకేం తెలుసయ్యా? ఈసారికి లేదు" అన్నారట మాస్టారు. నాన్న ఇంటికొచ్చి, "నన్ను కంపెనీవోణ్ణి చూసినట్టు చూశారమ్మా" అన్నాడు. బజార్లో దొరికిన విత్తనం వేశాడు. క్రిస్మస్‌కల్లా తోటంతా బొబ్బరే. కౌలు వదిలేసి దాచేపల్లి సున్నపురాయి గనిలో పనికి వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, దగ్గుకుంటూ.

పట్టుకుపోయినవాడికి రాసి మరీ ఇచ్చిన మనిషి, దోసెడు కాయలు తెచ్చి చూపించేవాడికి లేదన్నారు. దీన్ని నేను క్షమించలేదు.

కబురు తెలిసిన మర్నాడు అమ్మగారిని చూడ్డానికి వెళ్ళాను. ఆమె బీరువాలోంచి ఒక కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. చీర పేలికతో కట్టి ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో మా నాన్న పేరు.

"మీ నాన్న వచ్చెళ్ళిన మర్నాడే కట్టారమ్మా. మీ నాన్నకి మొహం చూపించలేక రేపిస్తా, ఎల్లుండిస్తా అంటా ఉండిపోయారు. ఈలోగా అందరూ నార్లు పోసేశారు" అన్నారు.

మూడేళ్ళు ఇంట్లో పడున్న మిరప విత్తనం మొలవడం కష్టమని మాకు తరగతిలో చెప్పింది ఆయనే. అయినా పాత బకెట్టులో మట్టి నింపి చల్లాను. పక్కన ఒక పుల్ల గుచ్చి, ఆ పేలిక దానికి కట్టాను. రోజూ పొద్దున్నే నీళ్ళు చిలకరిస్తున్నాను. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. పేలిక గాలికి కదులుతోంది. దాని కింద తడిమట్టి తప్ప ఏమీ లేదు.