చెల్లికి చలి, నాకు సళి
మా చెల్లెలు కెనడాలో పాడి పశువుల పొలం మధ్య ఒక పాత ఇంట్లో ఉంటుంది. మొగుడు అక్కడ ఆవుల్ని చూసుకుంటాడు. ఆ చలికాలం గురించి అది ఫోనులో చెప్పేవన్నీ మా అమ్మకి పురాణ కాలక్షేపం. గొట్టాలు గడ్డకట్టకుండా కొళాయి సన్నగా వదిలేస్తారట. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కుతారట. మిగతా గదులన్నీ మూసేసి, కట్టెల పొయ్యి ఉన్న గదిలోనే అందరూ పడుకుంటారట. ఏడాది పొడుగునా ఉక్కపోసే మా ఊరు సుంగై సిపుట్‌లో ఫ్యాను కింద చెమటలు కక్కుతూ అమ్మ, "అయ్యో నా తల్లే, సలికి సచ్చిపోతన్నావే" అని కళ్ళు ఒత్తుకుంటుంది.

నేను పక్క వీధిలోనే ఉంటాను. అమ్మని బండి మీద క్లినిక్‌కి తీసుకెళ్ళేది నేను, చేపల పులుసు మోసుకొచ్చేది నేను. "నువ్వు తిన్నావా?" అని ఒక్కనాడు అడిగితే ఒట్టు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

మా వాళ్ళ నోట చలి "సలి" అవుతుంది. ఇక్కడ అందరికీ వచ్చిన తమిళంలో సళి అంటే రొంప, కఫం. అమ్మ మా తమిళ పొరుగావిడతో "సిన్నదానికి ఒకటే సలి" అనేసరికి, మూడు నెలలుగా పిల్లకి రొంప తగ్గలేదనుకుని ఆవిడ వాము ఆకు కోసుకొచ్చింది. ఇక వీధంతా దాని ఆరోగ్యం అడగడమే! నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ తన పాత చీరలు పొరలుగా పరిచి దానికి బొంత కుట్టింది. చూపు ఆనకపోయినా రెండు నెలలు కుట్టింది. పై పొర వంకాయ రంగు చీర, నేను నోరు తెరిచి అడిగిన చీర. "నీకేటికే? నీకు సలా ఏటి?" అంది. పైగా పోస్టులో వెయ్యమని నా చేతికే ఇచ్చింది.

నేను వెయ్యలేదు. మధ్యాహ్నాలు తలుపులు బిగించి, ఏసీ పదహారుకి పెట్టి, ఆ బొంత కప్పుకుని పడుకున్నాను. అమ్మ వాసన వేసింది. సిగ్గులేకుండా ఏడ్చాను. మూడు వారాలు రోజూ అదే పని, చివరికి రొంప పట్టుకుంది.

ఆదివారం పొద్దున్న అమ్మ ఇంట్లో వీడియో కాల్. నేను ఒకటే దగ్గు.

"అప్పకేటయినాదే?" అంది చెల్లి. మేము అక్కని అప్ప అంటాం.

"దానికీ సళేనే, వారం నుంచీ" అంది అమ్మ, ఈసారి తమిళ మాటగా.

చెల్లి చలి అనుకుంది. "సుంగై సిపుట్‌లో సలేటి లా!" అని, మాట చివర మా ఊరి 'లా' తగిలించి, పకపకా నవ్వింది.

"మజ్జాన్నం ఏసీ ఎట్టుకుని, తలుపులేసుకుని పడుకుంటాదిలే. అది సరే గానీ, బొంత అందినాదా?"

చెల్లి నవ్వు ఆగిపోయింది. నాకేసి చూసింది. నేను తల దించుకున్నాను.

"అందినాదమ్మా. రోజూ కప్పుకుంటన్నాను. శానా ఎచ్చగున్నాది."

అమ్మ మొహం చాటంతైంది. ఆ సంబరంలోనే టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"అప్పా, అమ్మ వాసనేస్తన్నాదా?" అని మెల్లగా అడిగింది చెల్లి.

"ఊఁ" అన్నాను.

"అయితే ఉంచుకో. నాకు సొట్టర్లు ఉన్నాయిలే."

రెండు స్వెట్టర్ల మీద శాలువా చుట్టుకుని ఉంది. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. దానిమీద అంత కుళ్ళు నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఇలాంటి మనసు గనకే అమ్మ దాన్ని తలుచుకుంటుందేమో అనిపించింది. ఆ మాట తోచినందుకు ఇంకా మండింది.

మర్నాడు పోస్టాఫీసు తలుపులు తెరవకముందే బొంత పట్టుకుని అక్కడ నిలబడ్డాను.