మిషన్‌కు మసి తగలకుండా

నల్లమ్మ ఎక్కడ కూర్చున్నా రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి, ఊపిరి కూడబెట్టుకున్నాకే మాట మొదలుపెడుతుంది. కంబదూరు దగ్గరి వాళ్ల ఊళ్లో కందికట్టెల పొగకు ఊపిరి చెడినవాళ్లు చాలామందే ఉన్నారు. పరిశోధనకు వచ్చిన డాక్టర్లు రోగుల తరఫున ఆమెను కమిటీలో వేసుకున్నారు. పొగ ఎక్కువని తేలితే రెండేళ్లు నెలనెలా డాక్టరే వాళ్ల ఊళ్లోకి వస్తాడు. అందుకే పొగను కొలిచే మిషన్లను రెండు రోజుల కోసం పది వంటిళ్లలో దగ్గరుండి పెట్టించింది. "లచ్చల మిషన్ అంట. మసి పట్టిచ్చినారంటే నా మర్యాద పోతాది, చూడండి" అని ఇల్లిల్లూ తిరిగి హెచ్చరించింది.

అనంతపురంలో కమిటీ మీటింగులో, పరిశోధన నడిపే హేమంత్ సారు కాగితం తిప్పాడు. "మీ ఊళ్లో పొగ చానా తక్కువమ్మా. ఇంక మీ ఊరిని ఇందులో పెట్టుకోలేం."

నల్లమ్మ రెండు చేతులూ మోకాళ్లకు ఆనించింది. "మిషన్ నల్లగయితాదని ఆ రెండు దినాలూ అందరం బయట రాళ్లు పెట్టుకొని వండినాం సార్. నేనే చెప్పినా. మళ్లా పెట్టండి."

"ముందే చెప్పాల కదమ్మా! మిషన్లు కుందుర్పి పక్క ఊర్లకు పోయినాయి."

"రోజూ వండినట్లే వండమని మీరు చెప్పినారా, అప్పా?"

అతను ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

సాయంత్రం బస్సు దిగగానే పక్కింటి ఎలిజబెత్ ఎదురొచ్చింది. "డాక్టరు యా దినం వస్తాడంట అక్కా? ఆ దినం కూలికి పోకుండా ఉంటాం."

"మీరు కూలికి పోండి" అంది నల్లమ్మ.