జల్లెడ బిస్కెట్లు

మా అవ్వ బిస్కెట్లు చేయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక తప్పు చేసి నేర్చుకుంది. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎనభైల్లో మా క్వార్టర్ల ఆడవాళ్లందరికీ గుండ్రటి అల్యూమినియం ఓవెన్ల పిచ్చి పట్టింది. కరెంటుతో నడిచేవి. లోపల ఏమవుతోందో చూడటానికి మూతకు చిన్న అద్దం ఉండేది. అవ్వ కూడా బాపు ప్రాణం తీసి ఒకటి తెప్పించుకుంది.

మొదటిరోజు మందంగా, గుల్లగా ఉండే నాన్‌ఖటాయి బిస్కెట్లు చేయబోయింది. మైదా కొలిచింది చాయ్ గ్లాసుతో, చక్కెర కొలిచింది నీళ్ల గ్లాసుతో. ఆ క్వార్టర్లలో ఎవరైనా అంతే. చక్కెరను చిన్న గ్లాసుతో కొలిస్తే పిసినారి అని పేరొచ్చేది. పల్లీల పొడి, నెయ్యి కలిపి, చిన్న చిన్న ఉండలు పెట్టి మూత వేసింది. కాసేపటికి అద్దంలోంచి చూస్తే ఉండలు లేవు. అన్నీ కరిగి, పరుచుకుని, బుడగలు బుడగలుగా ఉడుకుతున్నాయి. అవ్వ నెత్తి కొట్టుకుంది. తీరా తీసి చూస్తే ఉల్లిపొరంత పల్చగా, ఒళ్లంతా చిల్లులతో, కరకరలాడుతూ వచ్చాయి.

బాపు ఒకటి కంటికి అడ్డం పెట్టుకుని అవ్వను చూశాడు. "గిది బిస్కెటా, జల్లెడా? నువ్వు మొత్తం కనవడుతున్నవ్" అన్నాడు.

"మాటలు బంద్ జేసి తినుండ్రి" అంది అవ్వ.

ఆ తర్వాత ఆమె నాన్‌ఖటాయి జోలికి పోలేదు, కొలతా మార్చలేదు. పళ్లెం బయటికి తీశాక ఎంతసేపు ఆగాలో ఆమెకే తెలుసు. తొందరపడితే బిస్కెట్టు ముద్దవుతుంది, ఆలస్యమైతే అతుక్కుని ముక్కలవుతుంది. ఆ కాసేపు ఇంట్లో ఎవరమూ ఆమెను పలకరించేవాళ్లం కాదు.

బాపు పోయాక అవ్వ నిజామాబాద్‌లో నా దగ్గరికి వచ్చేసింది, బస్సులో ఓవెన్‌ను ఒళ్లో పెట్టుకుని. నేను బడిలో టీచర్ని. వచ్చిన ఏడాదికి కాలి మీద పుండు మానకపోతే పరీక్ష చేయించాం. షుగర్ అన్నారు. తీపి మాన్పించమని డాక్టర్ నాకు ఒక్కసారే చెప్పాడు, నేను అవ్వకు రోజుకు పదిసార్లు చెప్పాను. చక్కెర డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమెను బతికించుకోవాలనే. అది నిజమే, కానీ ఆ తాళంచెవి నడుముకు దోపుకుని తిరగడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

"ఒక్కటే జేసుకుంట బిడ్డా. పల్సగ. గది నోట్లేసుకుంటే ఉంటదా ఏమన్ననా?" అని అడిగేది.

"కాలు తీసేసినంక తెలుస్తది" అనేదాన్ని.

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని ఊరుకునేది.

ఒకరోజు బడి నుంచి తొందరగా వచ్చాను. పక్కింటామెను చక్కెర అడిగి తెప్పించుకుని అవ్వ పిండి కలుపుతోంది. పక్కింటామె ఇంకా మా గడప దగ్గరే ఉంది. ఆమె ముందే అరిచాను, పిల్లల్ని బెంచీ ఎక్కించే గొంతుతో. "సిగ్గులేదా? దొంగతనంగ తింటవా?" అన్నాను. అవ్వ వేళ్లకంటిన పిండిని గిన్నె అంచుకు తుడిచి, గిన్నెను నా వైపు జరిపి, వెళ్లి మంచం మీద కూర్చుంది. ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు. దాన్ని నేను గెలుపనుకున్నాను.

మనసాగక ఒక ఆదివారం చక్కెర లేకుండా చేసి చూశాను. చక్కెర లేనిదే ఆ పిండి కరగదు, పరుచుకోదు. ఉండలు పెట్టినవి పెట్టినట్టే గట్టిపడి పిడకల్లా తయారయ్యాయి. అవ్వ ఒకటి తీసుకుని చాలాసేపు నమిలింది. "మంచిగనే ఉన్నయ్ బిడ్డా" అంది. నాకు కోపం రాకూడదని ఇంకొకటి కూడా తిన్నది.

కొన్నేళ్లకు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఆస్పత్రిలో వారం గడిచాక డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచాడు. "ఇక పథ్యం అవసరం లేదమ్మా. ఏమడిగితే అది పెట్టండి" అన్నాడు.  ఆటోలో ఇంటికి వెళ్లి బీరువా తాళం తీశాను. నీళ్ల గ్లాసుతోనే కొలిచాను. కరెంటు పోకుంటే చాలని దండం పెట్టుకున్నాను. మొదటి పళ్లెంలోవి ముక్కలయ్యాయి, రెండోదీ అంతే. మూడోసారి ఏడుస్తూ చేస్తే ఆరు నిలిచాయి.

మధ్యాహ్నం స్టీలు డబ్బా మూత తీసి అవ్వ ముందు పెట్టాను. చూడగానే ఆమె ముఖం విప్పారింది. చెయ్యి చాపి, మధ్యలో ఆపింది.

"చక్కెరేసినవా?"

"ఏసిన అవ్వా."

"డాక్టర్ సాబ్ తినమన్నడా?"

"తినమన్నడు."

"ఎన్ని?"

ఒక్కటే అని ఉండాల్సింది. ఆ ఒక్క అబద్ధం నాకు తట్టలేదు. "ఎన్నైనా తినొచ్చంట" అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆమె బడికి పోలేదు కానీ, ఆ మాట అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"వద్దను బిడ్డా" అంది. "ఎప్పటి లెక్క నన్ను తిట్టు. తింటె కాలు పోతదని తిట్టు."