కాలవ దాటని పేరు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారన్న వార్త వీరభద్రం తెచ్చాడు. విజయవాడలో మా పత్రికాఫీసు మేడమీద ఉంది. మెట్లెక్కడం వాడికి కష్టం. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు చిక్కిపోయింది. అందుకని రోడ్డు మీదే నిలబడి కేకేశాడు. నేను కిటికీ దగ్గరికి వచ్చాను.

"మాస్టారు పోయార్రా! నందిగామ బస్సు కండక్టరు చెప్పాడు."

"ఎప్పుడు?"

"పొద్దున. ఇన్నాళ్ళూ రోజూ దగ్గరున్నా. ఇవాళే లేను, చూడు."

నందిగామలో వాడికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. పిల్లల్ని పరీక్షకి కూర్చోబెట్టడానికి ముందురోజే విజయవాడ వచ్చాడు. వాళ్ళని ఇంకొకరికి అప్పగించి, నాతో కలిసి బస్సెక్కాడు. కీసర దగ్గర మునేటి వంతెన దాటుతుండగా తనే మాట కదిపాడు.

"పోవడం గురించి ఆయనేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. "మనవాడు చస్తే పోయాడంటాం. ఇంగ్లీషువాడు చస్తే పాసయ్యాడంటాడు. మీలో కొంతమందికి పాసవడానికి ఇక ఆ దారొక్కటే మిగిలింది" అనేవారు మాస్టారు, ముందు వరసలో ఎవరి వైపో చూస్తూ.

ఇద్దరం నవ్వాం. పక్క సీట్లో ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి అటు తిరిగింది.

పోయినవారి గురించి మంచే రాయాలని ఒక ఆనవాయితీ ఉంది. కానీ నాకు రాయడం నేర్పింది ఆయనే. "విశేషణం కూర్చుంటుంది, క్రియ నడుస్తుంది. ఎవడు ఎక్కణ్ణించి ఎక్కడికి కదిలాడో చెప్పరా, మిగతాది చదివేవాడు చూసుకుంటాడు" అనేవారు. పదిహేనేళ్ళుగా నేను రాసిన ప్రతి వార్తలోనూ ఆ మాట పాటించాను. ఇక్కడా అదే పాటిస్తాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతున్న రోజులు. మేమిద్దరం జగ్గయ్యపేటవాళ్ళం. ఎస్సెల్సీ ఇంగ్లీషు గట్టెక్కడానికి ప్రతి ఆదివారం మొదటి బస్సుకి నందిగామ వచ్చి, మాస్టారి దగ్గర ప్రైవేటు చదివేవాళ్ళం. ఆయన ఇల్లు పెద్దరోడ్డుకి ఆనుకునే ఉంది. అరుగు, అరుగు ముందు మురుక్కాలవ, కాలవ మీద ఒక మనిషి నడవగలిగినంత రాతిపలక. కాలవకి అవతల ఒకవైపు టీ కొట్టు, ఇంకోవైపు సైకిలు షాపు. అక్కడ ఆగే లారీల క్లీనర్లు కూడా మాస్టారి పాఠం వినేవారు. నిజానికి చూసేవారు.

ఎందుకంటే ఆయన కదలికల క్రియల్ని నోటితో చెప్పేవారు కాదు. ఒక్కొక్కణ్ణీ రోడ్డు మీదికి పంపి నడిపించేవారు. 'స్ట్రోల్' అంటే సైకిలు షాపు దాకా తీరిగ్గా నడవాలి. 'మార్చ్' అంటే మోకాళ్ళు లేవాలి. 'స్టాగర్' అంటే తాగినవాడిలా తూలాలి. టీ కొట్టాయన "ఇంకాస్త తాగు నాయనా" అని పక్కనుంచి ఎగదోసేవాడు. విజయవాడ దాటి ఎరగని మనిషి, ఓడ ముఖం చూడని మనిషి, లారీ చక్రం మీద మా కాలు పెట్టించి, ఓడెక్కడమనే 'ఎంబార్క్' నేర్పారు. "కాళ్ళకి రానిది నోటికి రాదు" అన్నది ఆయన మాట. చేతిలో గొడుగు ఎండకీ వానకీ తెరిచేవారు కాదు. నడక తప్పితే గొడుగు వంపు మా మెడకి తగిలించి వెనక్కి లాగేవారు.

రెండో నియమం ఇంకా కఠినం. క్రియకి ఒక అర్థం కాళ్ళలో, ఇంకో అర్థం తలలో ఉంటుందనేవారు. ధర ఎక్కుతుంది, జ్వరం దిగుతుంది, కాలం పరిగెడుతుంది, వార్త ఊళ్ళు తిరుగుతుంది. మన భాషలోనూ అంతే, ఇంగ్లీషులోనూ అంతే. కాళ్ళ అర్థం రోడ్డు మీద చేసి చూపించినవాడికే తల అర్థం వాడుకునే హక్కు. పరిగెత్తి చూపించనివాడు వ్యాసంలో కాలాన్ని పరిగెత్తించకూడదు. రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవారు.

అలా నడిచిన నడకని బట్టి మాకు పేర్లు పెట్టారు. నేను ఆలస్యంగా వచ్చేవాణ్ణి, దారిలో ఆగి దిక్కులు చూసేవాణ్ణి. నన్ను 'లాయిటర్' అన్నారు. వీరభద్రాన్ని మొదటిరోజే రోడ్డు మీదికి పంపి, "ఒరే, అందరూ చూడండి. దీనికి నటన అక్కర్లేదు. ఇది లింప్" అన్నారు.

వాడు సైకిలు షాపు దాకా వెళ్ళి వచ్చాడు. వచ్చి, చేతులు కట్టుకుని, "నా పేరు వీరభద్రం అండి" అన్నాడు.

"అది మీ నాన్న ఊరికే ఇచ్చింది. ఇక్కడ సంపాదించుకోవాలి." గొడుగుతో మురుక్కాలవ చూపించారు. "పలక మీంచి కాదు. అది లీప్ చెయ్. చేసిననాడు నిన్ను పేరు పెట్టి పిలుస్తా."

రెండు ఆదివారాలు వాడు కాలవ వైపు చూడనైనా చూడలేదు. మూడో ఆదివారం, ఎవరూ అడక్కుండానే పుస్తకాలు కింద పెట్టి దూకాడు. కుడికాలు అవతలి గట్టు అందుకుంది. ఎడమకాలు అందుకోలేదు. నడుం దాకా బురదలో పడ్డాడు. టీ కొట్టు దగ్గర ఈలలు వేశారు. అరుగు మీద మేమంతా నవ్వాం.

మాస్టారు నవ్వలేదు. వాణ్ణి రెక్క పట్టుకుని పైకి లాగారు. మాస్టారి భార్యని మేం అమ్మగారనేవాళ్ళం. ఆవిడ బిందెతో నీళ్ళు తెస్తే అందుకుని, తనే చెంబుతో వాడి కాళ్ళ మీద పోశారు. పోస్తూ అడిగారు.

"ఇది లీప్ కాదు. ఏమిటిది?"

"ఫాల్ అండి."

"పాస్ట్ టెన్స్?"

"ఫెల్ అండి."

"ఊఁ. ఇప్పుడిది నీ సొంతం. రాజ్యాలు పడిపోతాయి, మంత్రివర్గాలు పడిపోతాయి. నువ్వు రాయచ్చు. వీళ్ళెవరూ రాయడానికి లేదు."

అప్పటికి మాకు ఇరవై క్రియలు వచ్చు. వాడికి చేతికందినవి నాలుగో అయిదో. కుంటడం, పాకడం, తడబడటం, ఈడ్చుకుపోవడం, పడటం. పరీక్షలకి ముందు 'మా ఊరి బస్సు' అని వ్యాసం రాయమన్నారు. మేం బస్సుని ఎగిరించాం, దూకించాం. వాడి బస్సు చిల్లకల్లు దాటాక పాకింది. మధ్యాహ్నం తన నీడని తనే ఈడ్చుకుంటూ పోయింది. హైదరాబాదు వార్త ఒకరోజు ఆలస్యంగా మా పేటలోకి కుంటుతూ వచ్చింది. మిరపకాయల కొట్టు యజమాని ముందు వాళ్ళ నాన్న గొంతు తడబడింది. మాస్టారు అది నిలబడి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. మాకెవరికీ రాని మార్కులు వేసి, కాగితం వాడి చేతికిచ్చారు.

"కుంటి ఇంగ్లీషే. కానీ నడిచింది. కూర్చో లింపూ."

కూర్చున్నాక వాడు నా చెవిలో అన్నది ఇప్పటికీ గుర్తే. "మార్కులు కాదురా. పేరు."

పరీక్షల తర్వాత మా పేర్లన్నీ ఆ అరుగు దగ్గరే రాలిపోయాయి. ఇవాళ నన్ను లాయిటరని పిలిచేవాళ్ళు లేరు, కలెక్టరాఫీసు వరండాలో నేను చేసేది అదే అయినా. వాడి పేరు మాత్రం కాలికి అంటుకుపోయింది. టీ కొట్టు పట్టుకుంది, సైకిలు షాపు పట్టుకుంది, లారీ క్లీనర్లు పేట దాకా మోసుకుపోయారు. తర్వాత వాడు నందిగామలోనే టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, తన పూర్తి పేరు దూరానికి కనపడేలా బోర్డు రాయించాడు. జనం దాన్ని లింపు టైపు అన్నారు.

మాస్టారు రోజూ అక్కడికి పేపరు చదవడానికి వచ్చేవారు. గుమ్మంలోంచే "ఏరా లింపూ, పేపరొచ్చిందా?" అనేవారు. మిషన్ల దగ్గర పిల్లలు తలలు దించుకుని నవ్వుకునేవారు. ఒకరోజు వీరభద్రం ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. నేను అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, మీరు ఎట్టా పిలిచినా నాకేం లేదండి. ఈ పిల్లల ముందొక్కటి..."

"ఏమన్నాను నేను అప్పుడు?"

"కాలవ దూకమన్నారండి."

"కాలవ ఎక్కడికీ పోలేదు" అని పేపరు తెరిచారు.

ఆ పేపర్లో నా వార్త ఉంటే మడిచి, ఎర్రసిరాతో దిద్ది, ఆ వారం విజయవాడ వెళ్ళే ఎవరి చేతో నాకు పంపేవారు. మంత్రి విచ్చేశారని రాస్తే 'వచ్చాడు' అని దిద్దేవారు. జీతమిచ్చే ఎడిటర్లెవరూ నా మీద అంత శ్రమ పడలేదు.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది. పిల్లల్లేరు. నడిపిస్తుంటే కాలు కొంత తిరుగుతుందని ఆస్పత్రి కాంపౌండరు చెప్పాడు. నడిపించేవాళ్ళెవరని అమ్మగారు దిగులుపడుతుంటే వీరభద్రం వచ్చాడు. రోజూ పొద్దున్నే వచ్చి, ఇన్‌స్టిట్యూట్ తెరిచే వేళదాకా ఉండేవాడు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మాస్టారు అదే అరుగు మీద గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. వీరభద్రం నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, చేతిలో గొడుగు.

"రండి మాస్టారూ. ఊఁ... అది షఫుల్. నేలకి రాస్తున్నారు. ఇంకా లింప్ దాకా రాలా. లింప్ కావాలంటే ఒక కాలన్నా నేలని నమ్మాలి. మళ్ళీ."

ఆయన గోడ వదిలారు. ఒరిగిపోతుంటే వీరభద్రం ఉరికి పట్టుకున్నాడు.

"మళ్ళీ" అన్నాడు.

"చాల్లే నాయనా, చెమటలు పట్టాయి" అన్నారు అమ్మగారు.

"ఆయన మమ్మల్ని చాలనేవారా అమ్మా?"

మాస్టారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఏడ్చారో, నవ్వారో చెప్పలేను. సగం ముఖమే కదులుతోంది. సగం ముఖాన్ని బట్టి వార్త రాయకూడదు.

కొన్నాళ్ళకి ఆయనకి ఒక మాట తిరిగొచ్చింది. వీరభద్రం రాతిపలక మీద అడుగు పెడుతుండగా లోపల్నుంచి స్పష్టంగా వినపడింది. "లింపూ!" అమ్మగారు వీధిలోకి పరుగెత్తుకొచ్చి వాడి చేతులు పట్టుకున్నారు.

"మాటొచ్చింది నాయనా! మొట్టమొదట నిన్నే పిలిచారు!"

"అవునమ్మా, నన్నే" అన్నాడు.

మేం బస్సు దిగి ఇంటికి చేరేసరికి పాడె కట్టేశారు. అమ్మగారు వీరభద్రాన్ని చూసి బావురుమన్నారు. "పొద్దున నీకోసం అడిగారు నాయనా. పేరు పెట్టి అడిగారు. వీరభద్రం రాలేదా అన్నారు."

 వాడు నన్ను కాలవ పక్కకి పిలిచాడు.

"నువ్వు విలేఖరివి. కనుక్కో."

"ఆవిడ చెప్పింది కదరా."

"అందుకే కనుక్కోమంటున్నా."

కాంపౌండరు అక్కడే ఉన్నాడు. అడిగాను. ముందురోజు మధ్యాహ్నం మళ్ళీ పక్షవాతం వచ్చిందని, అప్పట్నించి స్పృహే లేదని, గొంతులో చుక్క నీళ్ళు కూడా దిగలేదని చెప్పాడు. పొద్దున ఆయన దగ్గర ఎవరున్నారని అడిగితే, తనే ఉన్నానన్నాడు. వచ్చి ఉన్నదున్నట్టు వీరభద్రానికి చెప్పాను.

"అంతేలే" అన్నాడు వాడు. "కాలవ దూకకుండా పిలిచే మనిషి కాదు." అని, చెప్పులు విడిచి, పాడె దగ్గరికి నడిచాడు.

తలకొరివి పెట్టే మాస్టారి అన్న కొడుకు అడ్డం వచ్చాడు. "నువ్వెందుకు లింపూ? ఒకవైపు ఒరిగిపోద్ది. ఇంకోణ్ణి రానీ."

"మీ బాబాయి నాకు నేర్పిన నడక ఇదొక్కటే. దీంతోనే మోస్తా."

ఎడమవైపు వెనక కొమ్ము భుజానికెత్తుకున్నాడు. రాతిపలక మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. కుడివైపువాళ్ళు పలక మీంచి నడిచారు. ఎడమవైపు ముందున్నవాడు కాలవ మీంచి అంగ వేశాడు. వీరభద్రం అంగ వెయ్యలేదు. కాలవలోకి దిగాడు. మోకాలి పైదాకా బురద. పాడె ఒక మూల కిందికి దిగిపోయింది. "ఒరేయ్, ఒరేయ్" అన్నారెవరో. వాడు కుడికాలు అవతలి గట్టు మీద పెట్టి, ఎడమకాలు ఈడ్చుకుంటూ పైకెక్కాడు. కొమ్ము భుజం దిగలేదు. టీ కొట్టు దగ్గర జనం ఉన్నారు. ఎవరూ ఈల వెయ్యలేదు.

సగం దారిలో దింపుడు కళ్ళం. పాడెని నేలమీద దించి, ప్రాణం ఏ మూలైనా ఉంటుందేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మనవాళ్ళ ఆచారం. అన్న కొడుకు వంగి "బాబాయ్" అని మూడుసార్లు పిలిచాడు. లేచి, "ఇంకెవరన్నా?" అన్నాడు.

వీరభద్రం పాడె పక్కన కూర్చున్నాడు. బురద ఆరని కాలు పక్కకి చాపి, మాస్టారి చెవి దగ్గర వంగాడు.

"మాస్టారూ, వీరభద్రాన్నండి. కాలవ దాటాను."

మూడుసార్లూ అదే అన్నాడు. తర్వాత ఎవరూ చెయ్యనిది చేశాడు. తన చెవిని ఆయన నోటి దగ్గర పెట్టాడు. జనం ఓపిక పట్టారు. జగ్గయ్యపేట బస్సొకటి పక్కనుంచి మెల్లగా వెళ్ళిపోయింది. వాడు కదల్లేదు.

"పొద్దుపోతోంది, ఎత్తండి" అన్నాడు అన్న కొడుకు.

వాడు లేచి కొమ్ము అందుకున్నాడు. నేను వెనక నడిచాను. శ్మశానం దాకా ఆ పాడె అడుగడుక్కీ ఎడమ మూల కిందికి కుంగుతూ, లేస్తూ, మళ్ళీ కుంగుతూ వెళ్ళింది.