నాయినమ్మ చల్లపాట

మొన్న వర్ధన్నపేటలో బస్సు దిగి నడుస్తుంటే ఎరువుల దుకాణం ముందు పురుగుమందు డబ్బాలు దించుతున్నారు. అందులో ఒకటి పగిలినట్టుంది, ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి.

మా ఊరు అక్కడికి దగ్గరే. వానాకాలం పొద్దున మేం లేచేసరికి నాయినమ్మ చల్లకుండ ముందు కూర్చుని చల్ల చిలుకుతూ ఉండేది. కవ్వం చప్పుడు, పొయ్యి మీద జొన్నరొట్టె కమ్మదనం, వాకిట్లో తడిసిన నల్లరేగడి వాసన అన్నీ కలిసి మా పొద్దు మొదలయ్యేది. బతుకమ్మ దగ్గరపడితే తంగేడు, గునుగు పూల కోసం గట్లన్నీ తిరిగి, సత్తుపిండి మూతులకు అంటుకోగా ఇంటికొచ్చేవాళ్లం. చిలికేటప్పుడు నాయినమ్మ తానే కట్టుకున్న పాట పాడేది.

"చిలుకంగ చిలుకంగ చేదు ముందొచ్చె
మింగినోని గొంతు నీలమై నిలిచె
మిగిలినోల్ల ఇండ్ల పొద్దు పొడిచె"

"ఎవలు మింగిండ్రు నాయినమ్మా?" అని ఒకసారి అడిగాను.

"శివయ్య బిడ్డా. అమృతం మీద ఆశకు అందరు గలిసి సముద్రాన్ని చిలికితె ముందుగాల విషమొచ్చింది. దేన్నన్న జర ఎక్కువ చిలికితె గట్లనే అయితది."

నాకది కథే. నీలం ఎప్పుడొస్తుందా అని కుండలోకి తొంగిచూసేదాన్ని.

ఆ ఏడు పత్తికి పురుగు పడ్డది. బాపు వీపుకు పంపు కట్టుకుని మందు కొట్టడమే పనైపోయింది. పురుగు చావకపోతే మందు ఇంకాస్త చిక్కగా కలిపేవాడు. ఒక మధ్యాహ్నం గాలి ఎదురు తిరిగింది. బాపు గట్టు మీద కూలబడ్డాడు, నోట్లో నురగ. అమ్మా, మా బాబాయీ ఆయన్ని ఆటోలో వేసుకుని వరంగల్ దవాఖానకు పోయారు. మర్నాడు నాయినమ్మ నన్ను అక్కడికి తీసుకుపోతే, నేను ముందుగా చూసింది బాపు గొంతునే, నీలమైందేమో అని. కాలేదు. చెమటకు తడిసి, మట్టి అంటి, ఊపిరి తీసినప్పుడల్లా ఎగిరెగిరి పడుతోంది. నేనెక్కడ చూస్తున్నానో నాయినమ్మకు అర్థమైంది.

"నా కొడుకు దేవుడు గాదు బిడ్డా," అంది. "ఆయన మింగి నిలిచిండు. వీడు నిలువడు."

బాపు బతికి ఇంటికొచ్చాడు. ఇక మన చేన్లో మందు కొట్టేది లేదని నాయినమ్మ ఆ రోజే తేల్చిచెప్పింది.

"కొట్టకుంటె పత్తి దక్కదే అవ్వా," అన్నాడు బాపు.

"దక్కకుంటె మానె. నువ్వు దక్కినవ్ సాలు."

మరుసటి ఏడు మిరుగం కార్తె వానలకు పత్తి తగ్గించి, సాళ్ల మధ్య కంది, జొన్న వేయించింది. మేం ఏరుకొచ్చిన వేపపండ్లను నానబెట్టి కషాయం తీస్తే ఇల్లంతా చేదు వాసన. ఇంటిల్లిపాదీ చేన్లో వంగి పురుగుల్ని చేత్తోనే ఏరేవాళ్లం. "ముసల్ది పాటలు పాడి పురుగులను ఎల్లగొడతదట" అని ఊరు నవ్వింది. ఆ ఏడు సగం పత్తి పురుగు పాలైంది, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయినమ్మ మాత్రం మెట్టు దిగలేదు, మరుసటేడూ అట్లాగే వేయించింది. జొన్నకంకుల కోసం వచ్చిన పిట్టలు పత్తి మీది పురుగుల్నీ తినడం మొదలుపెట్టాయి. మందు తెచ్చిపెట్టిన బాపు చేతుల వణుకు మెల్లగా తగ్గింది. పంపు మళ్లీ ఆయన వీపెక్కలేదు.

ఇప్పుడు నేను పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పద్యాల్లో శివుడి నల్లని గొంతు మాట ఎదురైనప్పుడల్లా, మింగినవాడి గొప్పతనం చెప్పి ఆగిపోను. కవి ఒక్క మాట అంటే చాలు, వెనక కథంతా మనలో కదులుతుంది. అందుకే సముద్రాన్ని అంతగా చిలికిందెవరో కూడా అడగమంటాను, మన చేలను, చెరువులను తలుచుకోమంటాను.

నాయినమ్మ లేదు, పండు ముసలితనం దాకా బతికి బాపూ పోయాడు. ఏ ఇంట్లోనూ కవ్వం చప్పుడు లేదు. గడ్డిమందుకు గట్ల మీది తంగేడు మాడిపోయింది, బతుకమ్మ పూలు బజార్లో కొంటున్నాం. పాటలో నడిమి చరణాలు నేను మరిచిపోయాను, అడుగుదామంటే పాడేవాళ్లెవరూ మిగల్లేదు.

చేను నా వాటాకొచ్చింది. మొన్న ఊరికి పోయింది దాన్ని కౌలుకిద్దామనే. "మందు కొట్టనియ్యకుంటె నేను కౌలుకు పట్ట మేడం," అన్నాడు వచ్చినతను. వద్దులే అని పంపేశాను. కూలీలను పెట్టి కంది, జొన్న నేనే వేయిస్తున్నాను. పురుగు ఎంత తింటుందో తెలియదు. తిన్నంత తిననీ.