బంగారు బల్లెం

2019 ఫిబ్రవరి పదో తేదీ, ఆదివారం. వినుకొండలో మంచు విడిచి పొడిగాలి మొదలైంది. ఆరబోసిన మిరపకాయల ఘాటుకు వీధిలో వెళ్లేవారు దగ్గుతూనే పలకరించుకుంటున్నారు. బస్టాండు వెనుక గేమ్ సెంటర్ నడిపే చైతన్యకృష్ణకు మాత్రం ఆ ఉదయం మండింది గొంతు కాదు, కళ్లు. నిరుడు ఎదురుగా వెలసిన అశోక్ గేమ్ సెంటర్‌కు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు: 'రక్తదుర్గం' అనే కొత్త ఆట వస్తోంది, ముందుగా కొన్నవారికి ఆటలో వాడే బంగారు బల్లెం ఉచితం. తన కొట్టుకు రావలసిన కుర్రాళ్లు రోడ్డుకు అవతల నిలబడి, తలలెత్తి ఆ బల్లెం కేసి చూస్తున్నారు.

పరుల గుణంలో దోషం వెదికేది అసూయ, పరుల కలిమిని ఓర్వలేనిది ఈర్ష్య అని పెద్దలు వేరుచేశారు. చైతన్యకృష్ణకు రెండూ ఉన్నాయి. అశోక్ కుర్చీలు కిర్రుమంటాయని చెప్పించేది మొదటిది; ఆ కుర్చీలు ఖాళీగా ఎందుకు ఉండవని కుమిలించేది రెండవది.

ఇతడు కొనడం తెలియనివాడు కాడు. ఏటా పంట రోజుల్లో గుంటూరు యార్డుకు వెళ్లి, మేనమామ పిచ్చయ్య తరఫున మిర్చి కొనేవాడు. బస్తా మూతి దగ్గర ఎర్రగా మెరిసే కాయను నమ్మేవాడు కాడు. బస్తాను పక్కన కోసి, అడుగునుంచి గుప్పెడు లాగి, తుంచి, వాసన చూసి, రంగు పోయిన తాలుకాయ కనబడితే లేచిపోయేవాడు.

అటువంటివాడు ఆ పూటే ప్రకటన వీడియో ఒకటి చూసి, తన సిస్టమ్‌లన్నిటికీ ఆటను ముందుగా కొనేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆట ఎలా ఉంటుందని కోటి అనే కాలేజీ కుర్రాడు అడిగితే, "నేను చూశానురా. అశోక్ కొట్టులో అలాంటిది జన్మలో ఆడలేరు" అన్నాడు. ఆ మాట మీద కోటి బృందం విడుదలనాటి కుర్చీలకు ముందే డబ్బు కట్టింది.

మార్చిలో ఆట విడుదలైంది. బంగారు బల్లెమూ వచ్చింది. విసిరితే గోడలో మాయమైంది. వీరుడు కోటగుమ్మం దగ్గర నడుములోతు నేలలో కూరుకుపోయి, అక్కడినుంచే కత్తి తిప్పాడు. తెరలు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. కుర్రాళ్లు మొదట నవ్వారు. చివరకు కోటి లేచి, "చూశానన్నావు కదన్నా" అని మాత్రం అని, చెప్పులు వేసుకున్నాడు.

చైతన్యకృష్ణ రోడ్డు దాటాడు. అశోక్ కొట్టులో పాత క్రికెట్ ఆటే నడుస్తోంది.

"నీ ఫ్లెక్సీ చూసే కొన్నానురా" అన్నాడు.

"అది కంపెనీవాళ్లు ఊరికే కట్టి వెళ్లారన్నా. నేను కొనలేదు. ఎవరైనా ఆడాక చూద్దామనుకున్నా" అన్నాడు అశోక్.

వెక్కిరించినా భరించేవాడేమో. అశోక్ కుర్చీ లాగి వేసి, టీ తెప్పించాడు. ఆ మర్యాదను చైతన్యకృష్ణ క్షమించలేకపోయాడు. కోటి వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చాడు. కుర్రాళ్లు మాత్రం తిరిగి రాలేదు. దసరా నాటికి కొట్టు మూసి, మార్టూరులో రాతి పాలిషింగ్ యూనిట్‌లో చేరాడు.

అయిదేళ్ల తరువాత అశోక్‌కు అక్కడినుంచి ఉత్తరం వచ్చింది:

"అశోక్‌కు,

ఇక్కడ రాతిపలక కొనేముందు దానిమీద నీళ్లు పోస్తాం. తడి ఆరేటప్పుడు పగులు గీతలా బయటపడుతుంది. పోసేది నేనే. నీ ఫ్లెక్సీయే నాచేత కొనిపించిందని చాలాకాలం చెప్పుకున్నాను. చూడనిదాన్ని చూశానని కోటితో చెప్పమని మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా రాసి లేదు. నువ్వు పక్కగది కూడా తీసుకున్నావని విన్నాను. సంతోషమని రాయబోయి ఆగాను. అది నిజం కాదు. ఆ ఆటను తరువాత బాగుచేశారట. నువ్వు ఆడే ఉంటావు. బాగుందని మాత్రం నాకు రాయకు.

చైతన్యకృష్ణ"